నది ఒడ్డున ఊరికే

"జపాన్‌కు కారం ఒక డబ్బా సరిపోతదా, ఇంకోటి పట్టియ్యాల్నా?"

కమలాకర్ ఈ మాట అడిగేసరికి మనోజ పెద్ద సూట్‌కేసు మీద మోకాలు ఆనించి జిప్పు లాగుతోంది. అందులో ఆమె బట్టలు ఒక మూలకు ఒదిగి ఉన్నాయి. మిగతాదంతా గోంగూర పచ్చడి, మామిడికాయ, కందిపొడి, చింతపండు, పప్పులు, రెండు రైస్ కుక్కర్లు. కుక్కర్ల లోపల చోటు వృథా కాకుండా పోపుగింజల పొట్లాలు కూరింది.

"సరిపోతది," అంది.

కమలాకర్ సినిమా దర్శకుడు. జూబ్లీ హిల్స్‌లో ఇల్లు, గేటు దగ్గర వాచ్‌మన్, పిలిస్తే పలికే డ్రైవర్. బయటివాళ్లకు మనోజ అదృష్టవంతురాలు. ఇంటర్వ్యూల్లో అతను చక్కటి కోస్తా తెలుగులో చెబుతాడు కూడా: "ప్రతి ఫారిన్ షెడ్యూలుకీ మా ఆవిడని తీసుకెళ్తానండీ. తనకి తిరగడం అంటే ప్రాణం." ఆ తిరగడం ఏమిటో ఆమెకే తెలుసు. పెళ్లైన కొత్తలో స్విట్జర్లాండ్‌లో హీరోకు కడుపు పాడైంది. జాలిపడి హోటల్ గదిలో చారు కాచింది. ఆ చారే ఆమె కొంప ముంచింది. మరుసటి సినిమా నుంచి నిర్మాతలు వంటమనిషిని పంపడం మానేశారు. డైరెక్టర్ గారి భార్య ఎలాగూ వస్తుంది కదా. హీరో నుంచి లైట్‌మన్ దాకా అందరూ ఆమెను వదినా అని పిలవడం మొదలుపెట్టారు. వదినకు జీతం ఉండదు, సెలవు ఉండదు, సినిమా చివర్లో పేరు పడదు. ఇటలీ అంటే ఆమెకు స్నానాల తొట్టిలో తోమిన గిన్నెలు. పోర్చుగల్ అంటే పొగకు మోగే అలారానికి తొడిగిన ప్లాస్టిక్ టోపీ, తిరగమోత వాసన బయటికి పోకుండా తలుపు కింద దోపిన తడి తువ్వాలు. ఒకసారి తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు గోడ మీద ఆ దేశపు సముద్రం ఫొటో చూసి, ఇంత దగ్గర సముద్రం ఉందా అనుకుంది.

ఈసారి మాత్రం ఆమె మనసు పడింది. కారణం కథ చర్చలు. అవి వాళ్ల హాల్లోనే జరిగాయి. ఆమె టీలు ఇస్తూ వింది. చెర్రీ పూలు విరగబూసిన చిన్న నది. ఒడ్డున రాతి మెట్టు. మెట్టు మీద హీరోయిన్. "ఆ అమ్మాయి ఏమీ చెయ్యదు సార్. ఊరికే కూర్చుంటుంది. చూస్తూ ఉంటుంది. అదే అందం," అన్నాడు రచయిత. అందరూ ఆహా అన్నారు. మనోజ ట్రే పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఏమీ చెయ్యని ఆడమనిషి ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోవడానికి ప్రయత్నించింది. తను కూర్చున్న సందర్భాలు గుర్తు చేసుకుంది. కూరగాయలు తరుగుతూ, అత్త కాళ్లకు నూనె రాస్తూ, ఫోన్లో ఎవరికో భర్త తరఫున సర్దిచెబుతూ. ఊరికే, చేతులు ఒడిలో పెట్టుకుని, ఎవరి కోసమూ ఎదురు చూడకుండా కూర్చున్న ఒక్క పొద్దు కూడా తట్టలేదు.

ఆ రాత్రికి రాత్రి అడగలేదు. మర్నాడు అతను మంచి మూడ్‌లో ఉన్నప్పుడు అడిగింది. "పూలు చూడాలనుంది. ఒక పూట కూసుంట, అంతే."

"పక్కా. హోటల్ నది పక్కనే తీసుకున్నం. పొద్దంతా కూసో, ఎవరొద్దన్నరు?"

నది నిజంగానే హోటలుకు దగ్గర. ఊరి మధ్యలో ఉన్నా గొంతెత్తి మాట్లాడేవాళ్లు లేని వీధి. రెండు రాతి గట్ల మధ్య సన్నటి నీరు, ఇటూ అటూ చెట్లు, ఆకు కనబడకుండా పూలు. ముసలి దంపతులు మెల్లగా నడిచేవాళ్లు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె ప్రతిరోజూ అదే బల్ల మీద కూర్చునేది. ఇదంతా మనోజ దారిలో కంటి కొసతో చూసిందే. అక్కడి కరెంటుకు హైదరాబాద్ కుక్కర్లు వేడెక్కలేదు. ప్రొడక్షన్ మేనేజర్ నర్సింహ పరుగెత్తి అక్కడివే రెండు కొనుక్కొచ్చాడు. బియ్యం జిగురు. మొదటి ముద్దకే హీరో ముఖం చిట్లించాడట. ఆ రోజు నుంచి గంజి వార్చి, విడివిడిగా ఆరబెట్టి, హాట్‌ప్యాకుల్లో సర్ది షూటింగ్ జరిగే చోటికి తనే మోసుకెళ్లేది. వెళ్లేటప్పుడు సాంబారు ఒలకకుండా చూపు నేల మీద. వచ్చేటప్పుడు తర్వాతి పూట వంట మీద.

ఒక్కసారి ఆగింది. అవతలి గట్టున రెండు బ్యాగులూ కింద పెట్టి తల ఎత్తింది. పైన కొమ్మలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గాలి లేకపోయినా రేకులు రాలుతున్నాయి, తొందర లేకుండా, ఒక్కొక్కటీ తనకు నచ్చినప్పుడు. ఒక రేకు ఆమె పెదవి మీద పడింది. దాన్ని తుడుచుకోలేదు. కూర్చుందామని మెట్టు వైపు చూసేలోపు ఫోన్ మోగింది.

"వదినా, పెరుగు కనవడ్తలేదు. హీరో అన్న గరం అయితుండు," అన్నాడు నర్సింహ.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. రెండు రోజులు కురిసి, పూలన్నీ నేలపాలు చేసి వెళ్లింది.

హైదరాబాద్ తిరిగి వచ్చాక, కొత్త పాట ఏదైనా మొదట తల్లి శకుంతలమ్మకు చూపించే అలవాటు ప్రకారం కమలాకర్ ఆమెనూ మనోజనూ ఫిల్మ్‌నగర్‌లోని స్టూడియోకు పిలిచాడు. చల్లటి చీకటి గది. గ్రాఫిక్స్ చేసే బన్నీ పాట నడిపించాడు. మనోజ ముందుకు వంగి చూసింది. తను బరువులు మోస్తూ తిరిగిన నది ఇంత బాగుంటుందా? హీరోయిన్ మెట్టు మీద ఊరికే కూర్చుంది. కెమెరా మెల్లగా నీళ్లు దాటి అవతలి గట్టుకు వెళ్లింది. అక్కడ చెట్టు కింద, నీలం స్వెటర్‌లో ఒకామె. కాళ్ల దగ్గర రెండు బ్యాగులు. తల పైకెత్తి ఉంది.

మనోజ చెయ్యి తెలియకుండానే పెదవి మీదికి వెళ్లింది.

"ఆపు," అన్నాడు కమలాకర్. "ఆ మూలకు ఎవరది? ఎవరో పనామె లెక్కుంది. క్లీన్ చెయ్."

మనోజ తెర మీంచి చూపు అతని వైపు తిప్పింది. ఎదురు చూసింది. తెర పెద్దది, బొమ్మ స్పష్టంగా ఉంది, అతనిది మనుషుల ముఖాలు చూసి బతికే వృత్తి. ఇంకాస్త చూస్తే పోల్చుకుంటాడు అనుకుంది. అతను అప్పటికే ఫోన్‌లోకి తల దించాడు.

శకుంతలమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "అది మన మనోజ గాదురా? గా స్వెటర్ నాదే."

కమలాకర్ మళ్లీ చూశాడు. నవ్వాడు. "అరె, నువ్వేనా? గట్ల నిలబడ్డవేంది మధ్యల? మంచి షాట్ ఖరాబ్ చేసినవ్ గదా." బన్నీ వైపు తిరిగి, "తీసెయ్," అన్నాడు.

బన్నీ ఒకసారి మనోజ ముఖంలోకి చూసి, పని మొదలుపెట్టాడు. ముందు బ్యాగులు పోయాయి. తర్వాత కాళ్లు. ఆఖరున పైకెత్తిన ముఖం. ఆ చోటికి కొమ్మ వచ్చి కూర్చుంది. పని శుభ్రంగా ఉంది. షాట్ శుభ్రంగా ఉండాలని మనోజకు మాత్రం తెలియదా? ఇన్నేళ్లుగా సినిమా వాళ్ల మధ్యే బతుకుతోంది. తీసేసినందుకు కాదు బాధ. తల దించుకుని అన్నం మోసినన్ని రోజులు తను ఏ షాట్‌కూ అడ్డు రాలేదు. ఆగి, తల ఎత్తి, తన కోసం ఒక్కసారి చూసింది. అదే తప్పైంది. ఆ ముఖాన్ని అతను ఎప్పుడూ చూడలేదు కాబట్టే పోల్చుకోలేకపోయాడని కూడా ఆమెకు ఆ చీకట్లోనే తెలిసింది.

కారెక్కేముందు కమలాకర్ చెప్పాడు, హీరో హీరోయిన్ల దగ్గరి షాట్లు వానలో పోయాయని, జపాన్ ఉత్తరాన ఇప్పుడే పూలు మొదలయ్యాయని, చిన్న యూనిట్‌తో మళ్లీ వెళ్తున్నామని. "గోంగూర జర ఎక్కువ పెట్టు ఈసారి. అన్నకు నచ్చింది."

"సరే," అంది మనోజ.

ప్రయాణం రోజు సూట్‌కేసు మూత తెరిచి ఉండగా శకుంతలమ్మ గదిలోకి వచ్చింది. ఒకప్పుడు ఆమె మామూలు ఇల్లాలు కాదు. భర్త నాటకాల కంపెనీ మొత్తానికి పొయ్యి ముందు కూర్చుని వండి పెట్టిన మనిషి. పెట్టెలోకి తొంగి చూసింది. చీరలు, చెప్పులు, గొడుగు, బరువైన పాత బొంత. ఒక్క సీసా లేదు. జపాన్‌లో కొన్న కుక్కర్లు అలమారులోనే ఉన్నాయి. మనోజ చేతులు ఆగిపోయాయి. ఇప్పుడు కొడుకును పిలుస్తుంది అనుకుంది. శకుంతలమ్మ వెళ్లి నీలం స్వెటర్ తెచ్చి చీరల మీద పెట్టింది.

"ఆడ చలి," అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర, "నాకు కండ్లు సరిగ్గ కనవడవు. నేనేం చూడలే," అంది.

నర్సింహ వచ్చి ఆ పెట్టెకు 'వంట' అని చీటీ అంటించి, బరువు చూసుకుని తృప్తిగా పట్టుకెళ్లాడు.

ఉత్తరాది ఊళ్లో మొదటి పొద్దున, వంట మొదలుపెట్టే వేళకు మనోజ గది తాళం రిసెప్షన్‌లో ఇచ్చి బయటికి నడిచింది. ఈ నది ఇంకా నిశ్శబ్దంగా ఉంది. పెట్టెలోంచి తీసి తెచ్చుకున్న బొంత మెట్టు మీద పరిచి కూర్చుంది. చేతులు ఏం చెయ్యాలో తెలియక కాసేపు కొంగు నలిపాయి. తర్వాత ఒడిలో ఆగాయి. పూలు ఇంకా సగమే విచ్చాయి. మొగ్గలు ఎర్రగా, విచ్చినవి తెల్లగా ఉన్నాయని అప్పుడే చూసింది. ఫోన్ చాలాసార్లు మోగింది. తర్వాత అడుగుల చప్పుడు వినిపించింది.

కమలాకర్ రొప్పుతున్నాడు. "నీ గదిల వంట పెట్టె తెరిస్తే అన్ని చీరలే ఉన్నయి. కుక్కర్లేవి?"

"ఇంట్ల ఉన్నయి."

"మరిచిపోయినవా?"

అతను ఆ మాట మంచితనంతోనే అందించాడు. అవునంటే చాలు. యూనిట్ అంతా నవ్వేస్తుంది, వదిన మతిమరుపు అని ఏళ్ల తరబడి చెప్పుకుంటుంది, ఈ పూట కూడా ఎక్కడో ఒక పొయ్యి వెలుగుతుంది. ఆ అవును నాలుక కొస దాకా వచ్చింది.

"మరిచిపోలే," అంది మనోజ.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో పోల్చుకోవడానికి అవస్థపడుతున్నట్టు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అన్న ఆకలితోని కూసుండు. షూటింగ్ ఆగింది. లే, పోదాం. ఏదో ఒకటి చేద్దాం."

చేద్దాం అన్న మాటలో చేసేది ఎవరో ఆమెకు తెలుసు.

"ఈ ఊళ్ల అన్నం దొరుకుతది. నర్సింహకు చెప్పుండ్రి. నేను చూసుడు అయినంక వస్త."

"ఇంకెంతసేపు చూస్తవ్ మనోజా?"

ఆమె తల ఎత్తి కొమ్మల్లోకి చూసింది.

"ఇప్పుడే గదా కూసున్న."