ఎవరూ అంటించని మంట

ఐరాల దగ్గరి ఓ పల్లెలో హైస్కూలు సైన్సు ప్రదర్శన. పదో తరగతి లోహిత బల్ల మీద పెద్ద ఎర్ర బంతి, పక్కన తెల్ల గోలీ పెట్టుకుని నిలబడింది. మనసు మాత్రం సాయంత్రం పంచాయితీ మీదే ఉంది.

నాలుగు రోజుల కిందట తిరుమలయ్య గడ్డివామి తగలబడింది. పక్క పొలంలో కాపలా ఉన్నది లోహిత తండ్రి కుప్పయ్య. అతని జేబులో బీడీలున్నాయి. ఇంకేం, సాక్ష్యం అక్కర్లేకుండానే నేరం తేలిపోయింది. పంచాయితీలో తప్పు ఒప్పుకుని తిరుమలయ్య కాళ్లు పట్టుకోవాలట, లేకపోతే ఊళ్లో ఎవరూ పనికి పిలవరట.

ఆ తిరుమలయ్యే ఇవాళ ముఖ్య అతిథి. శాలువా సర్దుకుంటూ బల్ల దగ్గర ఆగాడు.

"ఇదేంది పాపా?"

"ఈ గోలీ సచ్చిపోయిన సుక్క తాతా. తెల్ల మరుగుజ్జు అంటారు. భూమంతే ఉంటాది, బరువు మాత్రం సూర్యుడంత. లోపలంతా కార్బను, ఆక్సిజను. పక్కనుండే ఈ ఎర్ర సుక్క నుంచి వాయువు లాక్కుంటా బరువెక్కుతాది. ఒక హద్దు దగ్గరికొచ్చేసరికి నడిమధ్యలో నలిగి, వేడెక్కి, కార్బను రాజుకుంటాది. మామూలు సుక్కయితే వేడికి ఉబ్బి సల్లబడతాది. ఇది ఉబ్బదు. వేడి మంటను పెంచుతాది, మంట వేడిని పెంచుతాది. సెకండ్లలో పేలిపోతాది. ఇంక ఆ సుక్కే ఉండదు."

"అంటించేదెవురు?"

"ఎవురూ అంటించరు."

తిరుమలయ్య చుట్టూ చూసి పకపకా నవ్వాడు. "కుప్పయ్య గూడా ఇదే మాటంటాడు గదప్పా! తండ్రికి తగ్గ కూతురు!"

అందరూ నవ్వారు. హెడ్‌మాస్టరు దయానంద్ కళ్లురిమాడు. "చాల్లే లోహితా, బల్ల తీసేయ్."

లోహితకు ఒళ్లు మండిపోయింది.

"తీయను సార్. తాతా, వానొస్తాదని తడి గడ్డి ఆరబెట్టకనే వామేయించినారు గదా?"

"ఏయిస్తే?"

"ఆ పొద్దే ఏసిన రెండో వామి ఇంకా ఉండాది. రాండి, సూద్దాం."

తిరుమలయ్య కళ్లం బడిగోడ వెనకే. నవ్వినవాళ్లంతా వెంట నడిచారు. లోహిత వామిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పళ్లు బిగించి, గుప్పెడు గడ్డి లాగింది. కాఫీపొడి రంగుకు మాడిన గడ్డి. కమురు వాసన, ఆవిరి.

"సుక్కలో మంట వేరు, తడి గడ్డి లోపల కుళ్లి పుట్టే మంట వేరు. లోపల పుట్టిన వేడికి తప్పించుకునే దారి లేకపోవడం రెండిట్లో ఒకటే. మీరూ పెట్టండి చెయ్యి."

అందరూ చూస్తున్నారు. తిరుమలయ్యకు పెట్టక తప్పలేదు. పెట్టినవాడు "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు. ఎర్రబడ్డ చేతిని శాలువాలో దాచుకున్నాడు. ఎవరో నీళ్లకు పరుగెత్తారు.

"దీన్నెవురు అంటించినారు తాతా?"

ఆయన వామి మీంచి చూపు తిప్పుకుని బడి వైపు కదిలాడు.

"మా నాయన పంచాయితీకి వస్తాడు," అంది లోహిత. "కాళ్లు పట్టుకునేదానికి గాదు. ఆ జవాబు మీ నోట వినేదానికి."