జెడ్ ఎటు?

శుక్రవారం పొద్దున్నే కర్టెన్ దగ్గర గొడవయింది. మా బాల్కనీ తలుపు ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. మా ఆయన నబీ రసూల్ ఇక్కడ సౌదీలో, ఖోబర్‌లోని పాకిస్తానీ దర్జీకి లంబాయి అంటే పొడవు మూడు మీటర్లు, చౌడాయి అంటే వెడల్పు రెండు మీటర్లు అని చెప్పి వచ్చారు. తీరా వేలాడదీస్తే తలుపులో మూడో వంతు బోసిగా ఉంది. కిందేమో మీటరు గుడ్డ నేల మీద కుప్పపడింది.

"రెండిట్లో పెద్దదే కదా పొడవు," అన్నారాయన.

"కర్టెన్‌కి పొడవంటే పైనుంచి కిందికి. అది పెద్దదా చిన్నదా అన్న లెక్క లేదు," అన్నాను.

ఒంగోలు వదిలి పందొమ్మిదేళ్లయినా దర్జీకి కొలత చెప్పడం రాలేదని కూడా అన్నాను. నా బీఎస్సీ ఫిజిక్సు అంతా కర్టెన్ల మీద చూపించడానికేనా అని ఆయనా అన్నారు.

మామూలుగా అయితే మా అమ్మాయి తమన్నా ఎవరో ఒకరి పక్షం చేరి ఎగదోసేది. ఆ రోజు తలెత్తలేదు. దగ్గర్లోని ధహ్రాన్‌లో దానికి ఎమ్మెస్ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టరు. క్రోమియం కలిపిన స్ఫటికాన్ని ఎలక్ట్రాన్ల తీరు పసిగట్టే ఈపీఆర్ యంత్రంలో పెట్టి, అయస్కాంతం మధ్య కొద్దికొద్దిగా తిప్పుతూ ఎనిమిది నెలలుగా కొలుస్తోంది. చివరికి తేలే ఒక నిష్పత్తి మూడో వంతు దాటకూడదట. దీనికి 0.6 వచ్చింది. స్ఫటికమే చెడి ఉంటుంది, ఆదివారంలోగా కారణం చూపించు, లేదా కొత్త స్ఫటికంతో మళ్లీ మొదలుపెట్టు అన్నారట వాళ్ల సారు. మళ్లీ మొదలుపెడితే డిగ్రీ గడువు దాటిపోతుంది. చదువు మానేస్తాను, ఒంగోలుకి టికెట్ తీయమని ముందురోజే వాళ్ల నాన్నతో చెప్పేసింది.

ఆయన జుమ్మా నమాజుకు వెళ్లాక అన్నం స్టవ్ మీద పడేసి దాని పక్కన కూర్చున్నాను. అసలు కొలిచేదేమిటని అడిగాను. విసుక్కుంటూనే చెప్పింది. అయస్కాంతం పెడితే ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు విడిపోతాయని నేనూ చదువుకున్నదే. క్రోమియంలో జత కుదరని ఎలక్ట్రాన్లు మూడు ఉండడం వల్ల, చుట్టూ ఉన్న పరమాణువుల అమరికకు ఆ స్థాయిలు అయస్కాంతం లేకుండానే కొంత విడిపోయి ఉంటాయట. దాన్నే జీరో ఫీల్డ్ స్ప్లిట్టింగ్ అంటారట. మూడు దిక్కుల్లో దానికి మూడు విలువలు. నోట్సులో ఎక్స్‌కి 2, వైకి మైనస్ 7, జెడ్‌కి 5 అని ఉంది. ఎక్స్, వై విలువల తేడాను జెడ్ విలువకు మూడు రెట్లతో భాగిస్తే ఆ 0.6 వస్తుంది. యంత్రం గీసిన గీతలు, లెక్క కట్టిన గీతలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. చెడిన సరుకైతే అంత బుద్ధిగా కూర్చోదు కదా అనిపించింది.

"ఇదే జెడ్ అని ఎవరు చెప్పారు?"

"స్ఫటికం సూదిలా ఉంటుందమ్మా. సూది పొడవును జెడ్ అనుకున్నా."

"అలా అనుకోమని పుస్తకంలో ఉందా?"

తమన్నా లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని చాలాసేపు వెతికింది. ప్లస్సా మైనస్సా అని చూడకుండా, మూడింట్లో ఏ విలువ పెద్దదైతే ఆ దిక్కునే జెడ్ అనాలి. అంటే మైనస్ 7 ఉన్న వైపు. పేర్లు మార్చి లెక్క కట్టింది. 0.14. నేనూ కాగితం మీద కట్టి చూశాను. సరిగ్గా ఏడో వంతు. కొలిచిన గీతల్లో ఒక్కటీ కదల్లేదు.

అది కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. వారం రోజులుగా బిగిసి ఉన్న దాని భుజాలు కిందికి దిగడం చూశాను.

"ఇక్కడ మాత్రం నాన్న మాటే రైటమ్మా. పెద్దదే పొడవు," అంది.

ఒప్పుకోక తప్పలేదు. ఈలోగా అన్నం అడుగంటింది.

భోజనాల దగ్గర ఆయన పళ్లెంలోంచి చూపు ఎత్తకుండా, టికెట్ ఏ తారీఖుకి తీయమంటావని అడిగారు. తన తప్పు చెప్పకుండా పేర్లు మార్చేసి పంపితే సారు గమనించకపోవచ్చు. అది అలా చేస్తుందేమోనని నేను కనిపెట్టి చూస్తున్నాను.

"టికెట్ వద్దు నాన్నా," అంది. "స్ఫటికం బాగానే ఉంది. దిక్కులకు పేర్లు తప్పు పెట్టింది నేనే. తినగానే సారుకి ఆ మాటే రాస్తా. డిగ్రీ పూర్తి చేశాకే వెళ్తా."