ముక్కత్త నానబెట్టిన గింజలు

ముక్కత్త ముక్కుకి ఉన్న పేరు ఆ పాలడెయిరీ మేనేజరుకి కూడా లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఉద్యోగం ఒక్కటే. తెల్లవారేసరికి గేటు దగ్గర నిలబడి, వరసగా వచ్చే క్యాన్ల మూతలు తీయించి, ఒక్కోదాని మీదికీ వంగి వాసన చూడటం. "ఊఁ" అంటే క్యాను లోపలికి. "ఊహూఁ" అంటే ల్యాబుకి. ఆవిడ ఊఁ అన్న పాలని మళ్ళీ పరీక్షించే మొనగాడు అక్కడ లేడు. పాలు పోసేవాళ్ళు లోపల తిట్టుకుంటూనే "అత్తా" అని వరస కలిపేవారు. అలా ఆవిడ అసలు పేరు జీతం రోజున తప్ప వినబడకుండా పోయింది.

అలాంటి ముక్కు నెల కిందట ఓ జ్వరంలో పాడైపోయింది. సబ్బు, కిరోసినూ, మాడిన గిన్నే అన్నీ ఆవిడకి ఒకటే. నాలుగు రోజుల్లో అదే వస్తుందిలే అనుకుంది. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ గేటు దగ్గర ఆవిడకి పనేముంది? అందుకని రోజూ వెళ్ళి వంగేది, ఊఁ అనేది. మరీ అన్నింటికీ ఊఁ అంటే అనుమానం వస్తుందని, మొహం కాస్త కంగారుగా ఉన్నవాడి క్యాను చూసి రెండు మూడింటికి ఊహూఁ అనేది. చల్లటి రోజులు, పాలు త్వరగా విరగవు కాబట్టి గుట్టు దాగింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని తనని తనే తిట్టుకుంటూ ఇంటికొచ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళేది. సిగ్గుపడటం కూడా అలవాటైపోతుంది, ఏం చేస్తాం!

సరిగ్గా అప్పుడే తమ్ముడు పంజరం పట్టుకుని దిగాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఆయనింట్లో కబుర్లు చెప్పేవి ఆ పంజరంలోని ఫించ్ పిట్టలే, పిచ్చుకంత ఉంటాయి. మూడుసార్లు గుడ్లు పెట్టి మూడుసార్లూ పాడుచేసుకున్న జంట, నాలుగోసారి పొదిగి నాలుగు పిల్లల్ని చేసింది. పిల్లలు గూడు దాటకముందే ఈయనకి కంటి ఆపరేషన్ తేదీ వచ్చిపడింది. పది రోజులు ఆసుపత్రిలో ఉండాలి.

"పిల్లలకి ఎండుగింజలు అరగవక్కా. మొలకలు పెట్టాలి" అని కొర్రల డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఎనిమిది గంటలు నానబెట్టు. నీళ్ళు వంపేసి, జల్లెట్లో బాగా కడిగి, సీసాలో వేసి గుడ్డ కట్టి వాలుగా పెట్టు, అడుగున చుక్క నీళ్ళు నిలవకూడదు. పూటకోసారి కడుగు. రోజున్నరకి తెల్లటి మొన కనపడుతుంది, అప్పుడు పెట్టు. రెండు గంటల్లో తినకపోతే తీసి పారెయ్."

"బూజు పడితే?"

"అదే తిరకాసు. వేళ్ళకి తెల్లటి నూగు వస్తుంది, చూడ్డానికి అచ్చం బూజులాగే ఉంటుంది. కంటితో తేల్చలేం. మంచివైతే పచ్చిమట్టి వాసన. పుల్లగా వచ్చిందో, ఒక్క గింజ కూడా పెట్టొద్దు, పిల్లలు దక్కవు." అని నవ్వాడు. "నీకు నేను చెప్పాలా! ఊరందరి పాలు నీ ముక్కు మీదే నడుస్తుంటే!"

'నాకు వాసన తెలీదురా' అన్న మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మళ్ళీ మింగేసింది. తమ్ముడికి చెబితే డెయిరీకి చెప్పినట్టే కదా అని భయం. తోడబుట్టినవాడి మీద కూడా నమ్మకం లేకుండా చేస్తుంది ఈ పాడు భయం.

మొదటి మూడు రోజులూ బాగానే గడిచాయి. తల్లీ తండ్రీ మొలకలు తిని, వచ్చి పిల్లల నోళ్ళలో పెట్టేవి. సన్నటి చర్మం కింద మెడ దగ్గర గింజలు ఉండలుగా కనిపించేవి. సాయంత్రం తమ్ముడు ఫోను చేసి, "పిల్లల చప్పుడు వినిపించక్కా" అనేవాడు. ఆవిడ ఫోను గూటి దగ్గర పెట్టేది. అటునుంచి ఆయన ఏమీ మాట్లాడకుండా చాలాసేపు వినేవాడు.

నాలుగో రోజు ఉక్కపోత మొదలైంది. గాలి లేదు, గోడలు చెమర్చాయి. సీసాలో గింజలకి తెల్లటి నూగు పట్టింది. కడిగితే కొంత పోయింది, కొంత పోలేదు. వేళ్ళకి జిగురు తగిలినట్టూ ఉంది, తగలనట్టూ ఉంది. ఆవిడ సీసాలో ముక్కు దూర్చి గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. ఖాళీ సీసాలో పీల్చినా అంతే. ఆ గింజలు పారేసి కొత్తవి నానబెట్టింది. రోజున్నరకి అవీ అలాగే తయారయ్యాయి. అంతలోపు ఎండుగింజలతో పిల్లలు వాడిపోయాయి. మళ్ళీ పారేస్తే ఇంకో రోజున్నర. కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయింది ఆవిడ పరిస్థితి.

అప్పుడొక ఉపాయం తోచింది. సీసా పట్టుకుని పక్కింటికెళ్ళింది. పక్కింటావిడ దర్జీ, మిషను మీద చేతులు ఆడుతూనే ఉంటాయి.

"ఇదిగో, మా తమ్ముడి పిట్టలకి మొలకలు. వాసన ఎంత బాగుందో చూడు!" అంది ముక్కత్త, ఏదో వినోదానికి చూపిస్తున్నట్టు.

దర్జీ మిషను ఆపి వాసన చూసింది. కనుబొమలు కాస్త దగ్గరికొచ్చాయి. ముక్కత్త మొహంలోకి చూసింది. మళ్ళీ వాసన చూసింది.

"మొలకలంటే ఇలా ఉంటాయన్నమాట" అంది.

"బాగుంది కదూ?"

"మీరు బాగుందన్నాక ఇంకేముందండీ" అని మిషను తొక్కింది.

ముక్కత్త గుండెల మీంచి బరువు దిగింది. ఇంటికొచ్చి గిన్నె నిండా పెట్టింది. ఆకలి మీదున్న పిట్టలు ఎగబడి తిన్నాయి.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి గూట్లో రెండు పిల్లలు చల్లబడి ఉన్నాయి. మిగతా రెండూ మెడలు వాల్చేశాయి. మెడ కింద గింజలు కదలకుండా అలాగే ఉన్నాయి. తల్లిపిట్ట ఈకలు ఉబ్బించుకుని, పంజరం అడుగున మునగదీసుకుని కూర్చుంది. చీకటి పడేలోపు పిల్లలన్నీ పోయాయి. ఆ మర్నాడు తల్లి. తండ్రిపిట్ట ఒక్కటే మిగిలింది.

ఏం జరిగిందోనని చూడ్డానికొచ్చిన దర్జీ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. "నాకు అప్పుడే పుల్లగా కొట్టిందండీ, పాడైన పిండిలాగా. మీ ముక్కు ముందు నా ముక్కెంత అని నోరు మూసుకున్నాను. అయ్యో, అప్పుడే చెప్పుంటే!" అని ఏడ్చేసింది. ముక్కత్తకి ఏడుపు కూడా రాలేదు.

సాయంత్రం ఫోను మోగింది. "చప్పుడు వినిపించక్కా." ఆవిడ ఫోను తండ్రిపిట్ట దగ్గర పెట్టింది. అది ఒక్కసారి కూసింది. "పిల్లలేవీ?" అన్నాడు తమ్ముడు. "నిద్రపోతున్నాయిరా" అంది. ఇలా మూడు సాయంత్రాలు అబద్ధమాడింది.

పదో రోజు మధ్యాహ్నం తమ్ముడు కళ్ళకి కట్టుతో ఆటో దిగాడు. గోడ తడుముకుంటూ తిన్నగా పంజరం దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. చెవి ఒగ్గి విన్నాడు. ఎంతసేపటికీ ఒక్క కూతే. బల్ల మీద చెయ్యి పోనిచ్చేసరికి సీసా తగిలింది. ఆవిడ దాన్ని కడగను కూడా లేదు, ముట్టుకోబుద్ధి కాక. ఆయన గుడ్డ విప్పీ విప్పకముందే మొహం తిప్పేసుకున్నాడు.

"అక్కా, ఇంత కంపు కొడుతోంది. నీకు తెలీట్లేదా?"

ఆవిడ ఆయన పక్కన కూర్చుంది. "తెలీట్లేదురా. నెలైంది. నీ పిల్లల్ని నేనే చంపేశాను" అంది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆయన తిట్టలేదు. కట్టు కింద నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకూడదు కాబట్టి అలాగే కూర్చున్నాడు. నెమ్మదిగా అడిగాడు.

"నెలంటే... మరి డ్యూటీకి వెళ్తున్నావుగా?"

ఆవిడ సీసా మూతికి గుడ్డ మళ్ళీ కట్టసాగింది.

"ఇవాళ కూడా వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఫోను చెయ్యి. ఇప్పుడే."

డెయిరీ సూపర్వైజరుకి ఫోను చేసింది. "బాబూ, నాకు వాసన తెలీట్లేదు. నెల నుంచీ తెలీట్లేదు. పొద్దున నేను పంపిన పాలు ఆపించు" అంది, ఒక్క గుక్కలో.

అవతల పకపకా నవ్వు. "మీకు వాసన తెలీకపోవడమేంటి అత్తా! లోకంలో ఇంకెవరికైనా ముక్కుందా అసలు? సెలవు కావాలంటే సెలవడగండి, ఈ కథలెందుకు! రేపు లోడెక్కువ, పెందలాడే వచ్చేయండి" అని పెట్టేశాడు.

మళ్ళీ చేసింది. ఎత్తలేదు. చెప్పులేసుకుని డెయిరీకి పరిగెత్తింది. బయట ఉక్కపోత. వీధి పొడుగునా కిటికీలు తెరిచి ఉన్నాయి. పొద్దున తను ఊఁ అన్న నలభై క్యాన్ల పాలూ ఈపాటికి ఇళ్ళకి చేరిపోయాయి. ఎవరింట్లోనో ఒక తల్లి బిడ్డని పిలుస్తోంది, రా నాన్నా, పాలు చల్లారాయి, తాగుదువుగాని అని.