కనిపించని అతుకు

కోటు అంచు మడత విప్పి, లోపలి నుంచి ఒక పోగు లాగబోయాడు రఫూ మాస్టారు. సగంలోనే తెగింది. ఇంకోటి లాగాడు, అదీ తెగింది. కుడి బొటనవేలు చెప్పినమాట వినడం మానేసి ఎనిమిది నెలలైంది. దాని మొదట్లో కండ కరిగి గుంట పడింది. మోచెయ్యి బల్లకు ఆనిస్తే తప్ప మణికట్టు నిలవదు. చలికి బిగుసుకుందిలే అని ఇంట్లో కొన్నాళ్లు బుకాయించాడు కూడా.

మెట్ల కింద బీరువా అంత కొట్టు. ముప్పై ఎనిమిదేళ్లుగా అందులోనే నడుం వంచాడు. చిరిగిన బట్టకు దాని సొంత పోగే తీసి నేయాలి, పరాయి దారం ముట్టకూడదు. అది ఆయన పట్టింపు. తెచ్చినవాళ్లు చిరుగు ఎక్కడుందో దొరక్క తికమకపడితే అదే ఆయనకు సన్మానం. బాగా చేసినకొద్దీ చేసినట్టే తెలియని పని. ఇక పేరెలా వస్తుంది? రాలేదు.

జబ్బు పేరు నోరు తిరగనిది. డాక్టరమ్మ మాత్రం ఓపిగ్గా చెప్పింది. ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ అనే సన్నటి పోగు ఉంటుందట. అది రోజూ తెగుతూనే ఉంటుంది, లోపలే రోజూ అతుకు పడుతూనే ఉంటుంది. ఒళ్లు కదిలించే నరాల్లో ఆ అతుకు సరిగా పడక, కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయని వాళ్ల అనుమానం.

"అంటే లోపల నాలాంటివాళ్లు పనికి రావట్లేదన్నమాట," అన్నాడు మాస్టారు.

"వస్తున్నారండీ. చిరుగులే ఎక్కువైపోయాయి."

ఆయన నవ్వాడు. పక్కనున్న భార్య నవ్వలేదు.

ఇప్పుడు కొట్లో ఆయనకు సూదుల్లో పోగు ఎక్కించి ఇస్తున్నదీ ఆవిడే.

"ఆ కోటు తిప్పి పంపించెయ్యండి," అంది.

"ఇదొక్కటీ నా చేత్తో కానివ్వవే. ఆఖరిది."

ఆమెకు కోపమొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి ఇంకో సూది అందించింది.

మధ్యాహ్నానికి పదకొండు పోగులు తెగాయి. పన్నెండోది తీసే ఓపిక లేక, పెట్టెలోంచి అదే రంగు దారం తీసుకున్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నేశాడు.

సాయంత్రం కోటు మనిషి వచ్చాడు. వెలుతురుకు పట్టి చూసి, వేలు తిన్నగా అతుకుమీదే పెట్టాడు.

"ఇక్కడేగా మాస్టారూ? బాగా కుదిరింది."

మంచి మనసుతోనే అన్నాడు. మాస్టారికి మాత్రం ప్రాణం చివుక్కుమంది. "అవునండీ, అక్కడే," అన్నాడు. అతను వెళ్లాక భార్యవైపు తిరిగి, "ఇక తలుపు వేసెయ్యి," అన్నాడు. ఆ తలుపు ఆయన మళ్లీ తీయలేదు.

చలికాలం పోకముందే ఊపిరి పీల్చే కండరాలూ చేతి దారే పట్టాయి. ఒక ఉదయం, మొహం తుడుద్దామని భార్య వేడినీళ్లు తెచ్చేలోపే వెళ్లిపోయాడు.

నెల తిరిగాక ఆమెకు ఆయన చేతిపని ఒక్కటైనా కళ్లారా చూసుకోవాలనిపించింది. పెళ్లయిన కొత్తలో మేకుకు పట్టి జానెడు చిరిగిన తన శాలువా గుర్తొచ్చింది. బాగుచేసింది ఆయనే. కిటికీ దగ్గర కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమింది. తిరగేసి తడిమింది. ఎంత వెతికినా దొరకలేదు.

"ఎక్కడ వేశారండీ?" అని పైకే అడిగింది.

శాలువా ఆమె ఒళ్లో, ఎన్నడూ చిరగని బట్టలా పరుచుకుని ఉంది.