మోగని ఫోన్

ఆమని స్టీలు సీసా మూత బిగించి, మరోసారి తిప్పి చూసుకుని, కంప్యూటర్ వైపు తిరిగింది. రోజూ బాచుపల్లి ఇంట్లో గ్యాస్ కట్టేసి, తాళం రెండుసార్లు లాగి చూసి, హైటెక్ సిటీ బస్సెక్కే మనిషి. నలభై దాటింది. పాపిట దగ్గర నెరిసింది. పక్క సీటువాళ్ళకి ఆవిడ ఇంటిపేరు కూడా తెలియదు. ఇవాళ్టితో ఉద్యోగం సరి.

తెర మీద ప్రోగ్రామ్‌లో మేనేజర్ జశ్వంత్ చేసిన మార్పు ఉంది. ఆమె సరేనంటే సాయంత్రానికి జనం వాడే లైవ్ సిస్టమ్‌లోకి వెళ్ళిపోతుంది. చదివేసరికి ఒళ్ళు భగ్గుమంది.

ప్రోగ్రామ్‌లో తను రాసిన ముక్కని, ఆ ఫంక్షన్‌ని, పీకి పారేశాడు! డేటాబేస్ కనెక్షన్ తెరవడం, వాడుకోవడం, మూయడం ఈ మూడూ విడదీయడానికి వీల్లేకుండా ఆమె కట్టిన ఫంక్షన్ అది. మధ్యలో ప్రోగ్రామ్ కూలిపోయినా తెరిచిన కనెక్షన్ మూతపడి తీరాల్సిందే. అది లేకపోతే ఇక తెరిచినవి తెరిచినట్టే ఉంటాయి. ఒక్కొక్కటే పేరుకుని, శని, ఆదివారాల రద్దీలో మొత్తం సిస్టమ్ ఆగిపోతుంది.

ఆ ఫంక్షన్ ఊరికే రాయలేదు ఆవిడ. అప్పట్లో సిస్టమ్ ఆగిపోతే మోగే ఆఫీసు ఎమర్జెన్సీ ఫోన్ తన దగ్గరే ఉండేది. నాన్న వెంకటరామయ్య గారు ఆసుపత్రిలో ఉన్న మధ్యాహ్నం అది మోగింది. మూయని కనెక్షన్లే కారణం. వరండాలో కూర్చుని సరిచేసి లోపలికి వచ్చేసరికి ఆయన లేరు. దినకర్మలవగానే ఆ ఫంక్షన్ రాసింది. ఫోన్ మళ్ళీ మోగలేదు.

ఆ మోగని ఫోన్‌నే చూపించి, "ఆవిడకి పనేముంది సార్?" అని పైవాళ్ళకి నూరిపోసి ఆమె ఉద్యోగం తీయించాడు జశ్వంత్. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే మరి. పోయిన వారం మీటింగులో "అది తీయకండి, కనెక్షన్లు మూసుకోవు" అని చెబితే అందరి ముందూ నవ్వాడు. "ఆమని గారూ, మీ చాదస్తం మీతోనే పోనివ్వండి!"

అలాగే పోనిస్తాను నాయనా, అనుకుంది. ఆమోదం నొక్కింది.

అంతలో పక్క టీమ్ నుంచి నవ్య వచ్చింది. చేతిలో అదే ఫోన్. "అక్కా, ఈ వారం సార్ దీన్ని నాకిచ్చిండు. రేపు మా చెల్లె పెండ్లి. అయినా ఇది మోగదంట గదా, ఫికర్ లేదు."

ఆమని ఆ ఫోన్ వంక చూసింది. అయ్యో, ఈ పిల్ల నెత్తినా పడేది! పెళ్ళి పీటల దగ్గర్నుంచి లేచి వరండాలోకి పరిగెత్తే నవ్య కళ్ళముందు కదిలింది. ఆమోదం వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. నవ్య చేతిలో ఫోన్ తీసుకుంది.

జశ్వంత్ బల్ల చుట్టూ జనం. ఆమె కోసం తెప్పించిన వీడ్కోలు కేకు అతనే కోస్తున్నాడు.

"జశ్వంత్ గారూ, వెళ్ళేముందు ఒక్క కోరికండి. నవ్య ఇంట్లో పెళ్ళట. ఈ వారం ఫోన్ మీరు ఉంచుకోండి."

అందరూ చూస్తున్నారు. కాదంటే బావుండదు. "ఓస్, అంతేనా? మోగని ఫోన్‌కి భయమేంటండీ! రేపు గోవాకి నాతోపాటే తీసుకెళ్తా."

"ఛార్జింగ్ మాత్రం నిండుగా ఉంచుకోండి," అంది ఆమని, తనే ప్లగ్గులో పెడుతూ. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

కింద గుర్తింపు కార్డు సెక్యూరిటీకి ఇచ్చేసి బస్టాపు వైపు నడిచింది. నాన్న పోయిన దగ్గర్నుంచి కడుపులో ఉన్న మంట ఇవాళ కాస్త చల్లబడింది.

పైన జశ్వంత్ బల్ల మీద, సగం తిని వదిలేసిన కేకు పక్కన, ఆ ఫోన్ చప్పుడు లేకుండా ఛార్జింగ్ ఎక్కుతోంది.