మెమెంటో వీరభద్రుడు

మహితకు వీరభద్రస్వామి మీద ఏ కోపమూ లేదు. కోపమంతా ఆయన్ని మెమెంటోగా మార్చిన డైరెక్టర్ నరసరాజు గారి మీదే.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, ఎప్పుడూ ఏదో ఒక మందుల వాసన వేసే వీధి చివర, ఆ పరిశోధనా కేంద్రం ఉంది. అందులో ఒక యంత్రం ఉంది. ఉక్కు పొడిని పలుచగా పరిచి, లేజర్‌తో కావలసిన చోట మాత్రమే కరిగించి, మళ్ళీ పొడి పరిచి మళ్ళీ కరిగించి, పొర మీద పొరగా వస్తువును పైకి లేపుతుంది. అచ్చు అక్కర్లేదు, సమ్మెట అక్కర్లేదు. అద్దంలోంచి చూస్తే లోపల నిప్పురవ్వలు ఎగురుతూ చూడముచ్చటగా ఉంటుంది. దాని ఖర్మ కాలింది అక్కడే. కేంద్రానికి ఏ పెద్దమనిషి వచ్చినా మొదట దాని ముందే నిలబెట్టి ఫొటో తీస్తారు, పోయేటప్పుడు అందులో చేసిన బొమ్మ ఒకటి చేతిలో పెడతారు.

ఆ యంత్రం మీద పనిచేసే మెకానికల్ ఇంజనీరు మహిత. కిష్టారెడ్డిపేట పిల్ల. ఆమె పీహెచ్‌డీ, ఆ తర్వాతి ఉద్యోగం, నడుము నొప్పి, అన్నీ ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. పంపు లోపల తిరిగే రెక్కల చక్రాన్ని ఈ పద్ధతిలో చెయ్యాలి. అది పగలకూడదు. చేసిన ప్రతి చక్రమూ పగులుతూనే వచ్చింది. కోసి చూస్తే లోపల కంటికి ఆనని బెజ్జాలు. పగులు అక్కడే పుడుతుంది. లేజర్ వేగం మార్చింది, పొడి మార్చింది, గాలి మార్చింది, బెజ్జాలు మాత్రం ఊరు వదల్లేదు. ఈ మధ్య ఎవరైనా పలకరిస్తే చాలు, కసురుకోబోయి నాలుక కరుచుకుంటోంది.

అలాంటి రోజుల్లో ఒక పెద్ద అతిథి పరివారంతో వస్తున్నాడని, స్థానికంగా ఉంటుందని దగ్గర్లోని బొంతపల్లి గుడి వీరభద్రుడి బొమ్మలు చెయ్యమన్నారు నరసరాజు గారు. "ముఖం నున్నగా రావాలమ్మా. ఎన్ని రోజులైనా పట్టనీ," అన్నారు. ఆ మాట రెక్కల చక్రం గురించి ఆయన నోట ఒక్కనాడూ రాలేదు. మహిత పళ్ళు నూరుకుంటూ, ప్రతి పొరనూ ఒకసారి కాక రెండుసార్లు కరిగించేలా పెట్టింది. యంత్రం మూడు రోజులు నడిచింది. దేవుళ్ళు నిగనిగలాడుతూ దిగారు. ఒక్కడికి మాత్రం కత్తి వంకరపోయింది. వంకర కత్తి వీరభద్రుణ్ణి అతిథికి ఇవ్వలేరు కాబట్టి మహితకు మిగిలాడు. ఒళ్ళు మండి ఆమె వాణ్ణి రెండుగా కోయించి, ముఖం కనిపించేట్టు మెరిసేదాకా సానబట్టి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

ఒక్క బెజ్జం లేదు.

ప్రాజెక్టుకు డబ్బిస్తున్న పంపుల కంపెనీ వాళ్ళు ఆ మైక్రోస్కోపు ఫొటో చూసి పెదవి విరిచారు. ఒక్క ముక్క బాగా రావడం అదృష్టం కావచ్చు, అదే తడవలో చేసిన ఇంకొకటి చూపించండి అన్నారు. వచ్చే వారం సమీక్ష. అప్పటికి చూపించకపోతే ప్రాజెక్టు మూతే. కొత్తగా చేద్దామంటే మూడు రోజులు యంత్రం కావాలి. రుజువు లేకుండా మూడు రోజులు ఇవ్వనంటారు నరసరాజు. మూడు రోజులు లేకుండా రుజువు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక మిగిలింది ఇచ్చేసిన దేవుళ్ళను తిరిగి అడగడమే.

పెద్ద అతిథి పీఏ ఫోనులో నవ్వాడు. "ఏ మెమెంటో మేడం? ఇక్కడ ఒక గది నిండా ఉన్నయి." తెల్లాపూర్‌లో ఒక చైర్మన్ గారి ఇంటికి వెళ్తే, ఆయన భార్య దాన్ని అపార్ట్‌మెంటు తంబోలాలో బహుమతిగా ఇచ్చేశానంది. మిగతావాళ్ళు ఫోనే ఎత్తలేదు. అప్పుడు గుర్తొచ్చింది నర్సింహమ్మ.

నర్సింహమ్మ ఆ కేంద్రం క్యాంటీన్లో వంట చేసేది. ఆమె రిటైరైన రోజున ఇవ్వడానికి ఏమీ తెప్పించలేదని చివరి నిమిషంలో తెలిసి, అతిథులకు పంచగా మిగిలిన ఒక వీరభద్రుణ్ణి శాలువాతో కలిపి ఇచ్చేశారు. ఆమెది బొంతపల్లే. మహిత స్కూటీ తీసి, బొల్లారం మీదుగా లారీల దుమ్ము తింటూ వెళ్ళింది.

దేవుడు దేవుడి గూట్లోనే ఉన్నాడు. నుదుటిన బొట్టు, ముందు బెల్లం ముక్క, మెడలో చిన్న బంతిపూల దండ.  మహిత వచ్చిన పని చెప్పేసరికి నర్సింహమ్మ చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది.

"దేవుణ్ణి కోస్తవా?"

"పెద్దమ్మా, లోపట బెజ్జాలు ఉన్నయా లేవా సూడాలె. ఇడ్లీకి బెజ్జాలు ఉండాలె గదా, దీనికి ఉండొద్దు. ఉంటే పలుగుతది."

"ఉన్నా కోస్తవు, లేకున్నా కోస్తవు. నా సామి అయితే రెండు ముక్కలే గదా." నర్సింహమ్మ గ్లాసు కింద పెట్టింది. "గిన్నేండ్లు వండిపెట్టిన మీకు. ఉప్పు తక్కువైందని ఒకలు, కారం ఎక్కువైందని ఒకలు. పోయేనాడు చేతుల వెట్టింది గిదొక్కటి. గది గూడ వాపస్ అడుగుతున్నరా?"

 మహితకు సిగ్గేసింది. లేచి పోదామనుకుంది. కానీ కాళ్ళు లేవలేదు, బదులుగా నోరు లేచింది.

"నాకేమన్న సంబురమా పెద్దమ్మా? నా సదువంత, నా నౌకరంత గా బెజ్జాల ఎంబడే పోయింది. ఏడికి పోయినా ఏం కనిపెట్టినవ్ అని అడుగుతరు. ఏం చెప్పాలె? పలిగినయి, మళ్ళ పలిగినయి అని చెప్పాలె. ఒక్కపారి మంచిగొచ్చింది, అది గూడ బొమ్మ చేసినప్పుడొచ్చింది. గిది సూపెట్టకుంటే ఇగ నేను వచ్చినోళ్ళకు మిషిన్ సూపిచ్చుకుంట బతకాలె."  ఏడవకూడదని పైకప్పు వైపు చూసింది.

 నర్సింహమ్మ కొంగుతో గూడు అంచున లేని దుమ్ము తుడిచింది.

"వినాయకుణ్ణి ఏటేట చెరువుల ఏస్తలేమా," అంది చివరికి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఉద్వాసన చెప్పినంక గది మట్టే. గట్లనే దీనికి గూడ చెప్పాలె. అయితే ఇయ్యాల సోమారం, సామి దినం. నేను పంపియ్య. రేపు రా."

మహిత మళ్ళీ ఆ దుమ్ములో వెనక్కు పోయి, మర్నాడు మళ్ళీ వచ్చింది. నర్సింహమ్మ తలకు పోసుకుని, కొబ్బరికాయ కొట్టి సిద్ధంగా ఉంది. అక్షింతలు మహిత చేతిలో పోసింది.

"నేనా?"

"మరి? నువ్వు చేసినవ్, నువ్వే సాగనంపు. నేను పూజ చేసిన గంతే."

మంత్రం రాదు. నిలబడి కాసేపు తడబడింది. "స్వామీ, ఇన్ని దినాలు ఈ ఇంట్ల ఉన్నవు. ఇగ నీ జాగకు నువ్వు పోయిరా," అని అక్షింతలు వేసి, విగ్రహాన్ని ఉత్తరానికి కొంచెం కదిలించింది. నర్సింహమ్మ దండ తీసి, బొట్టు తుడిచి, పాత చీర పేలికలో చుట్టి ఇచ్చింది. ముఖం మాత్రం అటు తిప్పుకుంది.

ఆ సాయంత్రమే, సన్నటి కరెంటు తీగతో ఉక్కును కోసే వైర్‌కట్ మీద కోయించింది. తానే సానబట్టింది. మైక్రోస్కోపులో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వెతికింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. నిర్మలంగా, ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా ఆమె చూడాలనుకున్నది ఆ ఏమీ లేకపోవడమే. కుర్చీలో వెనక్కి వాలి, ఒక్కతే గట్టిగా నవ్వింది.

మర్నాడు ఆ ఫొటోలు తీసుకుని నరసరాజు గారి గదికి దాదాపు పరుగెత్తింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తిరగేసి మరగేసి చూశారు.

"బ్రహ్మాండం. రహస్యం ఏమిటి?"

"ప్రతి పొరనూ రెండుసార్లు కరిగించాను సార్. మీరు ముఖం నున్నగా రావాలన్నారుగా. చక్రం కూడా అలాగే చేస్తే పగలదు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు రోజులు సార్."

కళ్ళజోడు తీసేశారు. "పంపు ముక్కకి మూడు రోజులు యంత్రం ఎవరిస్తారమ్మా?"

"రుజువు తెస్తే ఇస్తానన్నారు కదా సార్."

"అన్నాను. రుజువు బాగుంది. కానీ లెక్క కుదరాలిగా. ఒక్కరోజులో ఇలాగే వచ్చేట్టు చెయ్యి, చూద్దాం."

"మెమెంటోలకు ఇచ్చారు సార్."

"అది వేరు. మెమెంటో అంటే సంస్థ పరువు. బయటివాళ్ళు చూస్తారు."

ఒక్కరోజులో రాదని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. మహిత బయటికొచ్చి వరండాలో నిలబడింది. అరవాలనిపించింది. ఆ పెద్దమ్మ చేత దేవుడి గూడు ఖాళీ చేయించి తెచ్చిన రుజువు ఇది. ఎవరూ కాదనలేదు, ఎవరికీ అక్కర్లేదు. సమీక్షలో కంపెనీ ఒప్పుకున్నా, యంత్రం దొరక్కపోతే చక్రం రాదు. రాజీనామా రాసి ముఖాన కొడదామనుకుంది. తర్వాత, రాజీనామా రాసినా ఆయన ముఖాన కొట్టడానికి అపాయింట్‌మెంటు తీసుకోవాలని గుర్తొచ్చింది. ఆ కోపంతోనే, చప్పుడు లేకుండా, ల్యాబ్‌లోకి నడిచింది.

పొడి నింపింది. పళ్ళెం సరిచేసింది. తలుపు బిగించి, బటన్ నొక్కింది.

మధ్యాహ్నం నరసరాజు గారు అటుగా వెళ్తూ తలుపు దగ్గర ఆగారు. అద్దం వెనక నిప్పురవ్వలు ఎగురుతున్నాయి.

"ఏం నడుస్తోందమ్మా?"

"మెమెంటోలు సార్."

ఆయన ముఖం విప్పారింది. వెంటనే కంగారుపడ్డారు. "ఎవరొస్తున్నారు? నాకెవరూ చెప్పలేదే!"

"నర్సింహమ్మ గారు సార్."

ఆ పేరుగల మనిషి ఆయనకు ఏళ్ళ తరబడి మధ్యాహ్నం భోజనం పెట్టింది. ఆయన కనుబొమలు ముడివేసి ఆలోచించారు. తెలియదని చెప్పడం బాగుండదనుకున్నారో ఏమో, తల పంకించారు.

"ఆఁ, ఆఁ... మేడం గారా? ఏ శాఖ ఇప్పుడు?"

"కనుక్కుని చెప్తాను సార్. మూడు రోజులు పడుతుంది."

"పట్టనీ, పట్టనీ. తొందరపడి పాడుచెయ్యకు. ఎన్ని రోజులైనా సరే, మర్యాదగా రావాలి," అంటూ ఆయన చొక్కా సర్దుకుని వెళ్ళిపోయారు.

లోపల లేజర్, పంపు చక్రం కొత్త పొర మీద రెండోసారి నడవడం మొదలుపెట్టింది.