రెండో నీళ్ళ కాఫీ

"ఈ పూట కాఫీ కాస్త పలచనైందే అమ్మాయ్!" అన్నారు మామగారు.

ఆ మాట ఆయన రోజూ అంటారు. చెంచా గుచ్చితే పడిపోకుండా నిలబడేంత చిక్కగా ఇచ్చినా అంటారు. ఒకసారి కోడలు పంతం పట్టి, పొడి గుమ్మరించి, రోడ్డు వేసుకోవచ్చన్నంత నల్లగా దించి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగారు. కళ్ళు రెండూ ఇంతింత చేశారు. ఆ రోజంతా రెప్ప వాల్చకుండా పేపరు ప్రకటనలతో సహా చదివి, పోయిన వారం పేపరు కూడా వెతికి చదివి, సాయంత్రం తీరిగ్గా అన్నారు కదా, "పొద్దున కాఫీ కాస్త పలచనైంది సుమా!"

ఆ ఇంట్లో కాఫీకి ఒక వరస ఉంది. ముందు మామగారి పెద్ద కప్పు. ఆయన గొంతు సవరించుకుంటే వీధి చివర కుక్కలు లేచి నిలబడతాయి, అంతలోపల కప్పు అందాలి. తరవాత అత్తగారు. ఆవిడకి కళ్ళజోడు మీద ఆవిరి పట్టేంత వేడిగా ఉండాలి, లేకపోతే తాగినట్టే ఉండదు. తరవాత ఆమె భర్త. ఆయనకి నురగ కావాలి. నురగ తగ్గితే కప్పులోకి బావిలోకి తొంగిచూసినట్టు చూస్తాడు. ఇంతమందికీ పోసేసరికి మొదటి డికాక్షన్ అయిపోతుంది. అప్పుడు ఫిల్టరులో మిగిలిన పిప్పి మీద మళ్ళీ వేణ్ణీళ్ళు పోస్తుంది ఆమె. అడుక్కి దిగిన ఆ మట్టిరంగు నీళ్ళలో గిన్నె అంచుకి అంటుకున్న పాలు కడిగి కలుపుకుని, సింకు పక్కన నిలబడి, ఒక చేత్తో గిన్నె తోముతూ రెండో చేత్తో తాగుతుంది. ఈలోగా ఎవరో తువ్వాలు ఏదంటారు, ఎవరో కళ్ళజోడు ఏదంటారు. తిరిగొచ్చేసరికి కప్పు చల్లారి ఉంటుంది. అలా తాగమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు అదే సింకు పక్కన అలాగే నిలబడి తాగుతుండేది. ఫిల్టరు చేతికిచ్చినప్పుడు దాంతోపాటు ఆ నిలబడే చోటు కూడా ఇచ్చేసి, ఆవిడ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. అంతే.

ఇంటికెవరైనా వస్తే ఆయన గొప్పగా చెప్పేవాడు. "మా ఆవిడ చేతి కాఫీ తాగాలండీ, చచ్చినవాడు లేచి ఇంకో కప్పు అడుగుతాడు. విచిత్రమేంటంటే తనకి మాత్రం కాఫీ అంటే పెద్ద ఇష్టముండదు. ఏదో పేరుకి తాగుతుంది." వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. ఆమె నవ్వేది. వినగా వినగా అది తన గురించి తనకి తెలిసిన సంగతుల్లో ఒకటైపోయింది. ఎత్తు ఇంత, చెప్పుల కొలత ఇంత, కాఫీ అంటే ఇష్టం లేదు.

ఆఫీసులో ఆమెది కొనుగోళ్ళ విభాగం. కుర్చీలు, కాగితాలు, ఫినాయిలు, అన్నీ ఆమె బేరమాడి తెప్పించాల్సిందే. ఒకరోజు పెద్దసారు ఏదో సదస్సుకి వెళ్ళొచ్చి, కొత్తగా దీక్ష పుచ్చుకున్నవాడిలా వెలిగిపోతూ అందర్నీ పిలిచాడు. "మనం తాగే ప్రతి గుక్క వెనకా ఒక రైతు చెమట ఉంది. ఇకమీదట మన ఆఫీసులో ఫెయిర్ ట్రేడ్ కాఫీయే తాగాలి. ఆఫ్రికా రైతుల సహకార సంఘాల దగ్గర, వాళ్ళకి న్యాయమైన ధర ఇచ్చి కొన్నది. వచ్చిన అతిథులకి ఆ ముక్క చెప్పుకోవచ్చు కూడా." ఆ తరవాత ఆమె వైపు తిరిగి, "మీరు చూడండమ్మా. ఇంట్లో రోజూ పెట్టే చెయ్యి, రుచి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? మీరు ఏది బాగుందంటే అదే ఖాయం" అన్నాడు.

"ఎంచే పని అయ్యాక పెట్టే పని కూడా మేడంగారికే ఇచ్చేయండి సార్, న్యాయంగా ఉంటుంది" అన్నాడు పక్క బల్ల గుమాస్తా. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే "ఏంటి మేడం, జోకు కూడా తీసుకోలేరా" అంటారు, దానికి మళ్ళీ సంజాయిషీ చెప్పుకోవాలి. నవ్వడం తేలిక.

న్యాయమైన కాఫీ దొరకడం అనుకున్నంత తేలిక కాలేదు. ఫోను చేసిన ప్రతివాడూ మాదే న్యాయం అన్నాడు. "ఏ సంఘం దగ్గర కొన్నారు? రైతు చేతికి ఎంత వెళ్ళింది?" అనడిగితే లైను సరిగ్గా లేదన్నాడు. ఒక దుకాణదారు అయితే సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద రైతు బొమ్మ, ముప్పైరెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతోంది. "చూడండి మేడం, రైతు ఎంత సంతోషంగా ఉన్నాడో. ఇంతకంటే ఏం న్యాయం కావాలి?" ఆమె ఆ సంచీ వెనక్కి తిప్పి చూసింది. వెనక కూడా నవ్వుతూనే ఉన్నాడు, ఎవరి దగ్గర కొన్నారో మాత్రం లేదు. భోజనాల వేళ తినకుండా తిరిగింది. ఆఫీసు అయ్యాక తిరిగింది. ఇంటికి ఆలస్యంగా వస్తే భర్త అన్నాడు, "ఆఫ్రికా రైతులకి న్యాయం సరే, ఇక్కడ మాకు టిఫిను సంగతేంటోయ్?"

చివరికి రైలు గేటు అవతల ఒక గోదాములో దొరికింది, కాఫీ గింజలు తెప్పించి అమ్మే ఒక పెద్దావిడ. తలంతా నెరిసిపోయి, చేతులకి గోనెసంచుల దుమ్ముతో, కాఫీ గింజల మధ్యే పుట్టి పెరిగినట్టు కనిపించే మనిషి. అడిగిన ప్రతిదానికీ తిన్నగా జవాబిచ్చింది. చిన్న చిన్న రైతులు, ఒక్కొక్కరికీ పెరడంత తోట, అందరూ కలిసి సంఘం పెట్టుకుంటారు. పళ్ళు ఒకచోట కడిగి, ఎండబెట్టి, కలిపి అమ్ముతారు. బజారు పడిపోయినా ఇంతకి తగ్గకుండా ఇస్తామని ముందే మాట. ఆ పైన ఇంకొంత సంఘానికి, బడికో బావికో వాళ్ళిష్టం.

ఆవిడ రెండు పొట్లాలు ఇచ్చింది. "ఇది పాత సంఘానిది, ఎప్పుడూ పోయేదే. ఇదిగో, ఈ రెండోది ఆడవాళ్ళ సంఘానిది. కలుపు తీసేది వీళ్ళు, పళ్ళు కోసేది వీళ్ళు. తూకం రోజున సంచీ భుజానేసుకుని వెళ్ళేది మాత్రం మొగుళ్ళు. డబ్బు వాళ్ళ చేతికే వచ్చేది, సంఘంలో పేరూ వాళ్ళదే. కొట్లాడి విడిగా సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు కోసిన చేతికే డబ్బు. కానీ కొత్తవాళ్ళు కదా, ఈసారి పంట నాలుగు సంచులే, దానికీ కొనేవాళ్ళు లేరు. ఈ వారంలోగా ఎవరో ఒకరు తీసుకోకపోతే మళ్ళీ దళారికే పోయాలి, వాడు చెప్పిన రేటుకి. ఇక మొగుళ్ళ మాటలు వేరే చెప్పాలా?"

"ఏమంటారు?" అంది ఆమె, తెలిసి కూడా.

"చూశావా, నీ వల్ల ఏమవుతుంది అంటారు. ఇంటికి తీసుకెళ్ళి తాగి చూడమ్మా. ఎలా ఉందో నీ నోటితో చెప్పు."

ఒక పొద్దున ఒకటి, మర్నాడు ఇంకొకటి పెట్టింది. ఆడవాళ్ళ పొట్లం పెట్టిన పొద్దున మామగారు కప్పు ఖాళీ చేసి ఏమీ అనలేదు. ఆయన ఊరుకోవడం ఇంతకు ముందెన్నడూ లేదు, అయినా బస్సు వేళవుతుంటే ఆమె అది పట్టించుకోలేదు. ఎప్పట్లా సింకు పక్కన నిలబడి తన కప్పు తాగింది. నాలుక మీద నిలిపి మరీ చూసింది, పాపం, వాళ్ళ కోసం. ఏమీ తగల్లేదు. తడిసిన గడ్డి వాసన. మనసు చివుక్కుమంది. అయినా లేని రుచి ఉందని ఎలా చెబుతాం? ఆఫీసు నుంచి కాఫీ పెద్దావిడకి ఫోను చేసింది.

"పాత సంఘానిదే కాస్త నయమండీ. ఆడవాళ్ళది చప్పగా ఉంది."

"చప్పగానా? అంత మంచి గింజ నేనీ మధ్య చూళ్ళేదు. ఎలా పెట్టావమ్మా?"

"అందరూ పెట్టినట్టేనండీ."

"నువ్వు తాగింది మొదటి డికాక్షనేనా?"

"అయ్యో, అది మావాళ్ళకి కదండీ. నాది రెండో నీళ్ళది" అంది ఆమె, పొద్దున్నే సూర్యుడు వస్తాడన్నంత మామూలుగా. తరవాత తన మాట తన చెవిన పడింది.

కాఫీ పెద్దావిడ నవ్వలేదు. అదే ఆమెకి సిగ్గనిపించింది. "అక్కడా ఇంతే తల్లీ" అంది ఆవిడ. "మంచి గింజంతా సంచుల్లోకి, పగిలినవీ పుచ్చినవీ ఇంట్లోకి. తమ తోట కాఫీ రుచి తమకే తెలీదు. సంఘం పెట్టుకున్నాక వాళ్ళొక కట్టుబాటు చేసుకున్నారు. కొత్త పంటతో కాఫీ కాచిన రోజున మొదటి కప్పు కోసినవాళ్ళే తాగాలి. కూర్చుని తాగాలి. అప్పటిదాకా సంచీ కదలకూడదు." కాస్త ఆగి, "రేపు పొద్దున మళ్ళీ తాగి చెప్పు. అంతవరకూ నువ్వు చెప్పింది నేను వినలేదనుకుంటాను" అంది.

ఆ సాయంత్రమంతా ఆమెకి పని చేస్తున్న చేతులు తనవి కానట్టే ఉన్నాయి. ఎంత పని చేసింది! ఎవరో ఎక్కడో కొండల మీద ఎండలో నిలబడి కోసి, మొగుళ్ళతో కొట్లాడి, సముద్రం దాటించి పంపితే, పిప్పి నీళ్ళు తాగి చప్పగా ఉందని తీర్పు చెప్పేసింది. ఇంకెన్నింటి మీద ఇలా చెప్పేసిందో. మాగిన మామిడిపళ్ళు నాకు పడవు అంటుంది, ముక్కలన్నీ పంచాక టెంక చీకుతుంది గనక. కిటికీ పక్క సీటు వద్దంటుంది, దాన్ని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు గనక. ఇష్టం లేదు, ఇష్టం లేదు అనుకుంటూ వచ్చిన వాటిలో తను నిజంగా రుచి చూసింది ఏది? కోపం రావాల్సిన చోట ఆమెకి ముందు అలసట వచ్చింది. ఇన్నేళ్ళు నిలబడ్డ అలసటంతా ఒక్కసారిగా మీద పడ్డట్టు, కూర్చోవాలని, ఊరికే ఎక్కడో కూర్చోవాలని అనిపించింది.

పొద్దున్నే ఆడవాళ్ళ పొట్లం విప్పి, మొదటి డికాక్షన్ దింపింది. అందిన కప్పు మామగారి పెద్ద కప్పు. దాన్లోనే పోసుకుంది. పాలు కలిపింది. కాళ్ళు అలవాటుగా సింకు వైపు తిరిగాయి. వాటిని బతిమాలి బల్ల దగ్గరికి తెచ్చుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

మామగారు గొంతు సవరించుకున్నారు. వీధి చివర కుక్కలు లేచాయి. ఆమె లేవలేదు.

"ఏమోయ్, నాన్నగారికి కాఫీ?" అన్నాడు ఆయన.

"వస్తుంది."

"ఒంట్లో బాగాలేదేమిటే?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"బాగానే ఉందత్తయ్యా. కూర్చున్నానంతే."

మొదటి గుక్క నాలుక దాటి వెళ్ళేసరికి ఆమె కళ్ళు మూసుకుంది. ముందు చేదు, ఆ చేదు వెనకాలే పండు పులుపు, దాని వెనకాల ఎప్పుడో చిన్నప్పుడు నాన్న కప్పులోంచి దొంగతనంగా తాగిన గుక్క. ఆ దొంగ గుక్కకి తను ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చింది. కాఫీ అంటే తనకి ఇష్టం. ప్రాణం. ఈ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు, తనతో సహా.

కప్పు పట్టుకునే ఫోను తీసింది. ముగ్గురూ వింటున్నారు.

"ఆ ఆడవాళ్ళ పంట దళారికి ఇవ్వద్దండీ. మొత్తం మా ఆఫీసుకే పంపండి... ఆఁ, మొదటిదే తాగాను... ఆఁ. కూర్చునే."

అడుగు కనిపించేదాకా తాగి, అప్పుడు లేచింది. పిప్పి మీద వేణ్ణీళ్ళు పోసింది. దిగినదాన్లో పాలు కలిపి మూడు కప్పుల్లో పోసి, అందరి ముందూ పెట్టి, ఆఫీసు సంచీ తగిలించుకుంది. సింకులో పెద్ద కప్పు కడక్కుండా అలాగే ఉంది.

మామగారు ఒక గుక్క తాగారు. కప్పులోకి చూశారు. "ఈ పూట కాఫీ..." అని ఆగిపోయారు. ఇన్నేళ్ళలో ఆ మాట నిజమైన పొద్దున అదొక్కటే, దాంతో నోరు రాలేదు కాబోలు. భర్త నురగ కోసం కప్పు బావిలోకి చూస్తున్నాడు.

అత్తగారు మాత్రం ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. చాలా కాలం కిందట ఎరిగిన మనిషి ఎదురైనట్టు ఆ కప్పు వంక చూసింది.

"రెండో నీళ్ళదండీ" అంది మామగారితో. "తాగండి, ఏం కాదు. మేమిద్దరం బతికే ఉన్నాంగా."